ఎర్ర కారు మీద తమ్ముడి పేరు

ఆమెను అందరూ క్లచ్చక్క అనేవారు. పక్క సీట్లో కూర్చుని ఇరవై రెండేళ్లుగా రోజుకు వందసార్లు "క్లచ్! క్లచ్!" అని అరుస్తూ వచ్చిన మనిషికి ఇంకో పేరు నిలవడం కష్టమే. బ్యాంకులో సంతకం పెట్టేటప్పుడు తప్ప అసలు పేరు ఆమెకే గుర్తొచ్చేది కాదు. వయసు యాభై ఒకటి. గొంతు పెద్దది, మనసులో మాట దాచుకోవడం చేతకాదు, ఒకసారి కాదు అందంటే ఇక కాదనే.

ఆమె నేర్పే కారు ఎర్రది, చిన్నది, పద్దెనిమిదేళ్ల నాటిది. తండ్రి డ్రైవింగ్ స్కూలు నడిపే రోజుల్లో కొని కూతురి పేరు మీద రాయించాడు. పన్నెండేళ్ల కిందట ఆయన పోయాక స్కూలు తమ్ముడి చేతికొచ్చింది. వచ్చీ రాగానే వాడు చేసిన మొదటి పని ఆ కారుకి రెండు వైపులా జానెడేసి తెల్ల స్టిక్కరు అక్షరాలతో తన పేరు వేయించడం. ఆ తర్వాత తలుపుల మీద అడ్డంగా నల్ల రబ్బరు బీడింగ్ పట్టీ వేయించాడు, దాని మీదా తన పేరే. వెనక డిక్కీ మీద వెండిరంగు ప్లాస్టిక్ అక్షరాలు, మళ్లీ అదే పేరు. కొత్త కార్లు నాలుగు కొన్నాడు, వాటి మీదా వేయించుకున్నాడు. క్లచ్చక్క ఎప్పుడూ ఏమీ అనలేదు. బండి నడుస్తోంది, మనుషులు నేర్చుకుంటున్నారు, పేరుదేముందిలే అనుకునేది.

గొడవ ఒక బుధవారం పొద్దున మొదలైంది.

ఆ నెల తమ్ముడు కొత్త రూలు పెట్టాడు. ఎవరికైనా పది క్లాసులే. పది అయ్యాయా, 'ఈ వ్యక్తి రోడ్డు మీద సురక్షితంగా నడపగలరు' అన్న కాగితం మీద నేర్పినవాళ్లు సంతకం పెట్టి పరీక్షకు పంపెయ్యాలి. ఆ పొద్దున అక్క ముందు పెట్టిన కాగితం, పది ఎప్పుడో దాటిన దర్జీ పిన్నిది.

దర్జీ పిన్ని వయసు యాభై తొమ్మిది. నలభై ఏళ్లు కుట్టు మిషను తొక్కిన కాళ్లు. కుట్టిన బట్టలు ఇళ్లకు తనే అందించుకోవాలని కారు నేర్చుకోవడానికి వచ్చింది. కాగితం బల్ల మీదికి వచ్చిన సమయానికి ఆవిడ తలుపు పక్క బెంచీ మీద, ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుని ఉంది.

"పెట్టను," అంది క్లచ్చక్క, కాగితాన్ని ఒక వేలితో వెనక్కి తోస్తూ.

"ఎందుకు పెట్టవు?" అన్నాడు తమ్ముడు.

"నాలుగు రోడ్ల కూడలికి వచ్చేసరికి ఆవిడకింకా కంగారు. ఒక పక్క చూస్తే ఇంకో పక్క మర్చిపోతోంది. ఇప్పుడు వదిలితే ఎవరినో గుద్దుతుంది, లేదా ఎవరో ఆవిడని గుద్దుతారు."

"అది పరీక్ష పెట్టేవాళ్లు చూసుకుంటారక్కా. మనకెందుకు?"

"కాగితం మీద ఉన్నది మన మాటరా, వాళ్ల మాట కాదు."

తమ్ముడు పెన్ను తీసి అక్క పెట్టాల్సిన చోట తనే గిలికేసి, కాగితాన్ని బెంచీ వైపు చాచాడు. దర్జీ పిన్ని లేచి వచ్చి అందుకుంది. కళ్లద్దాలు పెట్టుకుని పై నుంచి కింది దాకా చదివింది. తర్వాత నాలుగు మడతలు పెట్టి, మడతల వెంబడి నిమ్మళంగా చింపింది.

"బాబూ, నాకింకా రాలేదన్న సంగతి నాకు తెలుసు. నేను కుట్టిన చొక్కా చంకలో పట్టేస్తే తొడుక్కున్నవాడు నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటాడు. ఇది అలా సరిపోయేది కాదు కదా."

తమ్ముడి మొహం కందగడ్డ అయింది. "ఇలాంటి మొద్దుల్ని వెనకేసుకొస్తావు కాబట్టే నీ కారు వెనకపడి ఉంది," అన్నాడు అక్కతో.

మొద్దులు అన్న మాట దగ్గర క్లచ్చక్కలో ఏదో తెగిపోయింది. జేబులోంచి తాళాల గుత్తి తీసింది. ఆఫీసు తాళం వేరుచేసి బల్ల మీద పెట్టింది. కారు తాళం గుప్పిట్లోనే ఉంచుకుంది.

"ఇదిగో నీ ఆఫీసు. నేను పోతున్నా."

"ఎక్కడికి పోతావు?"

"రోడ్డు మీదికి. నా కారు, నా చేతులు. నేనే నేర్పుకుంటా."

తమ్ముడు నవ్వాడు. కోపంలో నవ్వేవాళ్ల నవ్వు మరీ ఒళ్లు మండిస్తుంది. "సరే తీసుకుపో. కారు నీది, కాదనను. దాని మీద పేరు మాత్రం నాది. సొంతంగా నేర్పాలంటే పర్మిషన్ కావాలి. రవాణా ఆఫీసు ఇన్‌స్పెక్టర్ కొత్తవాళ్ల బండ్లు చూసేది మూడు నెలలకొకసారి, అది ఈ సోమవారమే. వేరే స్కూలు పేరు కనిపిస్తే ఆ బండిని గేటు దగ్గర్నుంచే తిప్పి పంపుతారు. శనివారం వచ్చి చూస్తా. ఒక్క అక్షరం కనపడినా కంప్లయింట్ ఇచ్చేది నేనే."

"వచ్చి చూడు," అంది క్లచ్చక్క.

ఆఫీసు మెట్లు దిగిందో లేదో, పేరు తీయించడానికి తిన్నగా రిపేరు షెడ్ల వీధికి పోయింది. మొదటి షెడ్డువాడు కారు చూడగానే చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చాడు గానీ, చూపు మాత్రం నేల మీదే ఉంది. "అక్కా, మీ తమ్ముడు ఇప్పుడే ఫోన్ చేశాడు. ఆయన నాలుగు బండ్లూ మా దగ్గరికే వస్తాయి. ఏమనుకోకండి." రెండోవాడు చోటు లేదన్నాడు, వెనక షెడ్డు సగం ఖాళీగా కనపడుతూనే ఉంది. మూడోవాడు పది రోజులు పోయాక రమ్మన్నాడు. నాలుగోవాడికి డ్రైవింగ్ నేర్పిందే ఆమె. వాడు ఆమెను చూసి కారు కిందికి దూరి, ఆమె పోయేదాకా బయటికి రాలేదు.

"ఉండరా నాయనా, కిందే ఉండు," అని వాడి కాళ్లతో చెప్పి, క్లచ్చక్క ఇల్లు చేరింది.

ఆమె అద్దెకుండేది ఒక మూడంతస్తుల ఇంటి కింది భాగంలో. ముందు సిమెంటు చేసిన వాకిలి, కారు పట్టేంత జాగా, ఒక కుళాయి. ఇంట్లోంచి పాత షేవింగ్ బ్లేడు పట్టుకొచ్చి, తమ్ముడి పేరులోని మొదటి అక్షరం కింద దూర్చింది. పన్నెండేళ్లు ఎండలో కాలిన స్టిక్కరు అప్పడంలా పెళపెళలాడుతూ గోరంత ముక్కలుగా రాలింది. గంట పోయేసరికి అక్షరంలో పావు వంతు కూడా కదల్లేదు. విసుగొచ్చి గట్టిగా నెట్టింది. బ్లేడు జారింది. ఎర్ర రంగు మీద వేలెడు పొడుగు తెల్లటి గీత పడింది.

క్లచ్చక్క బ్లేడు విసిరికొట్టి నేల మీద కూలబడింది. శనివారం దాకా మూడు రోజులు, మూడు చోట్ల పేరు, ఒక్క బ్లేడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడిస్తే తమ్ముడు గెలిచినట్టేనని మింగేసింది.

అప్పుడే దర్జీ పిన్ని వచ్చింది, అదే సంచితో. "రేపటి క్లాసు ఎన్నింటికి టీచరమ్మా?"

"క్లాసేంటి పిన్నీ, స్కూలే లేదు."

"స్కూలు పోతే పోయింది. కారుంది, మీరున్నారు, నేనున్నా." ఆవిడ కారు దగ్గరికి వచ్చి, కళ్లద్దాలు సవరించుకుని గీతను చూసింది. "అయ్యో, బ్లేడు పెట్టారా? కుట్టు విప్పేటప్పుడు బట్టని కోస్తామా ఎక్కడైనా? దారాన్ని పట్టుకోవాలి గానీ." బీడింగ్‌ను వేలితో అటూ ఇటూ నొక్కింది. "ఇది దేంతో అంటించారు?"

"ఏమో. అంటించినవాడికే తెలియాలి."

"అయితే ఆయన్నే పిలుద్దాం. రెండు వీధుల అవతలే కదా."

అంటించింది జిగురు బాబాయి. ఆ ఊళ్లో దుకాణాల బోర్డులు, బండ్ల మీద పేర్లు, అద్దాల మీద అంకెలు అన్నీ ఒకప్పుడు ఆయన చేతివే. చేతులు వణకడం మొదలయ్యాక షాపు మూసేసి, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని పోయే వచ్చే బండ్ల మీద అక్షరాలకు వంకలు పెడుతూ రోజులు వెళ్లదీస్తున్నాడు. విషయం వినగానే ఆయనకు పొడుచుకొచ్చింది.

"ఎవరు ఊడదీస్తారట? నేను అంటించినదాన్నా?"

"నేనే బాబాయ్," అంది క్లచ్చక్క. "మీ తప్పేం లేదు. పేరు నచ్చలేదు, అంతే."

ఆయన గొణుక్కుంటూనే వచ్చాడు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. డిక్కీ మీద ప్లాస్టిక్ అక్షరాలను నిమిరాడు. "పన్నెండేళ్లు! ఒక్క మూలైనా లేచిందా చూడండి. ఇప్పటి కుర్రకుంకలు అంటించినవి పన్నెండు నెలలు నిలబడితే గొప్ప." అలా కాసేపు మురిసిపోయి, చివరికి పెద్దగా నిట్టూర్చాడు. "సరే అమ్మాయ్. నేను వేసిన ముడి నేనే విప్పాలని రాసి ఉందేమో. నా చేతులు పనికిరావు. నేను చెప్తా, మీరు చెయ్యండి. బ్లేడు మాత్రం నా కళ్ల ముందు కనపడకూడదు."

గురువారం మధ్యాహ్నానికి ముగ్గురూ వాకిట్లో పనిలోకి దిగారు. ముందు సబ్బు నీళ్లతో కారంతా కడిగించాడు బాబాయి. మట్టి రేణువు ఒక్కటి మిగిలినా అదే గీత పెడుతుందన్నాడు. తర్వాత పై అంతస్తు అమ్మాయి దగ్గర జుట్టు ఆరబెట్టుకునే మిషను అడిగి తెచ్చి, పొడుగు వైరు కిటికీలోంచి లాగారు.

"దగ్గరగా పెట్టకు, రంగు పొంగుతుంది. జానెడు దూరం. అటూ ఇటూ కదుపుతూనే ఉండు. చెయ్యి వేస్తే కాలకూడదు, వెచ్చగా ఉండాలి. ఆఁ, ఇప్పుడు మూల లేపు. గోటితో! లాగెయ్యకు, వెనక్కి మడుచుకుంటూ తియ్యి, నిదానంగా. పుండు మీద పట్టీ తీసినట్టు."

అక్షరం మూల లేచింది. క్లచ్చక్క ఊపిరి బిగబట్టి మడుచుకుంటూ వచ్చింది. ఈసారి అరచెయ్యంత ముక్క ఒక్కటిగా వచ్చింది. అది పట్టుకుని లాటరీ టికెట్ తగిలినదానిలా పైకెత్తి చూపించింది.

రబ్బరు బీడింగ్ వంతు వచ్చినప్పుడు దర్జీ పిన్ని సంచిలోంచి తోలు సంచులు కుట్టే మైనపు దారం తీసింది. బీడింగ్‌ను వేడి చేసి, పై అంచు నుంచి దారాన్ని వెనక్కి దూర్చి, ఆ కొస ఆవిడ, ఈ కొస క్లచ్చక్క పట్టుకుని రంపం కోసినట్టు లాగారు. లోపల స్పాంజిలాంటి మందపాటి టేపు కసకసా తెగుతూ వచ్చింది. రెండు చోట్ల దారం తెగింది, ఒక చోట పిన్ని వేలు కోసుకుంది. "మిషను సూది దిగిన వేళ్లు ఇవి, దారానికేం భయపడతాయి," అని నోట్లో పెట్టుకుని చప్పరించి మళ్లీ అందుకుంది. మొదటి తలుపు బీడింగ్ తమ్ముడి పేరుతో సహా దభీమని నేల మీద పడ్డప్పుడు ముగ్గురూ ఒక్కసారే "హమ్మయ్య" అన్నారు.

ఊడింది పేరే గానీ జిగురు కాదు. టేపు తాలూకు నల్లటి పొర తలుపు పొడుగునా అతుక్కుపోయింది. స్టిక్కర్ల కింది జిగురు వేలు పెడితే వేలికి, గుడ్డ పెడితే గుడ్డకి పట్టుకుంటోంది. క్లచ్చక్క థిన్నర్ డబ్బా వైపు చెయ్యి చాచేసరికి బాబాయి గట్టిగా కేకేశాడు.

"అది జిగురుతో పాటు రంగునీ తినేస్తుంది! ముందు కిరోసిన్. అదీ తలుపు తెరిచి, లోపలి అంచు మీద, ఎవరికీ కనపడని చోట ఒక చుక్క పెట్టి చూడు. రంగు గుడ్డకి అంటకపోతే అప్పుడు ముందుకు పో."

అంటలేదు. గుడ్డను కిరోసిన్‌లో తడిపి జిగురు మీద పరిచి, నీళ్లు తాగి వచ్చేంత సేపు నాననిచ్చి, కాలం చెల్లిన బ్యాంకు కార్డు అంచుతో గోకింది. జిగురు మెత్తబడి పేలికల్లా చుట్టుకుంటూ వచ్చింది. మొండికేసిన ముక్కల్ని బొటనవేలితో ఉండలు చేస్తూ దొర్లించింది. గురువారం పోయింది, శుక్రవారం పోయింది. గోళ్ల నిండా నలుపు, ఒంటి నిండా కిరోసిన్ కంపు. అద్దం ముందు నిలబడితే ఆమెకే నవ్వొచ్చింది.

ఆ పనిలో తమ్ముడు గుర్తుకు రాకుండా ఉండలేదు. వాడికి స్టీరింగు పట్టుకోవడం నేర్పిందీ ఇదే కారులో, ఆమే. పదిహేడేళ్లవాడు, మలుపు తిరిగిన ప్రతిసారీ "అక్కా, బాగా తిప్పానా?" అని మొహం వంక చూసేవాడు. "నా మొహం కాదురా, రోడ్డు చూడు," అని నెత్తిన మొట్టేది. అప్పటి వాడు ఎప్పుడు ఎటు పోయాడో ఆమెకు అంతుపట్టలేదు. ఆలోచిస్తూ చెయ్యి ఆపితే బాబాయి ఊరుకోడు. "ఎండ పోతే జిగురు బిగుస్తుంది, కానియ్యి" అనేవాడు.

శనివారం మధ్యాహ్నానికి చివరి ప్లాస్టిక్ అక్షరం బకెట్లో పడింది. సబ్బు నీళ్లు పోసి కడిగారు. కారు ఆరింది. ఆరుతూ ఉంటే ముగ్గురి మొహాలూ వాడిపోయాయి.

పేరు అక్కడే ఉంది.

స్టిక్కరు లేదు, జిగురు లేదు. పన్నెండేళ్ల ఎండకు కారంతా వెలిసి గులాబీ రంగుకు తిరిగింది, స్టిక్కరు కింద ఎండ తగలని చోటు మాత్రం నిగనిగలాడే ఎరుపుగానే ఉండిపోయింది. తమ్ముడి పేరు వీధి చివర నుంచి కూడా చదువుకునేలా ఉంది. తెల్ల స్టిక్కరు ఉన్నప్పుడైనా ఇంత కొట్టొచ్చినట్టు లేదు.

అన్న మాట ప్రకారం తమ్ముడు సాయంత్రం వచ్చాడు. వాకిట్లో నిలబడి, చేతులు కట్టుకుని, కారును చూసి పగలబడి నవ్వాడు.

"ఎంత పని చేశావక్కా! కొత్తగా పెయింట్ వేయించినట్టుంది నా పేరు."

క్లచ్చక్క బకెట్‌ను కాలితో ముందుకు తోసింది. "నీ పేరు ఇందులో ఉంది. కావాలంటే పట్టుకుపో."

"బకెట్లో ఉన్నది ప్లాస్టిక్. పేరు బండి మీదే ఉంది. చదవనా?" అని పైకి చదివాడు, తన పేరు తనే, సాగదీసి. తర్వాత గొంతు తగ్గించాడు. "ఎందుకీ పంతం? సోమవారం డ్యూటీకి వచ్చెయ్యి. జరిగింది నేను మర్చిపోతా."

"నేను మర్చిపోను," అంది ఆమె. "పిన్నిని మొద్దు అన్నావు. ఆవిడ ఇక్కడే ఉంది. ముందు ఆవిడకి చెప్పాల్సింది చెప్పు, తర్వాత డ్యూటీ సంగతి మాట్లాడదాం."

తమ్ముడు దర్జీ పిన్ని వైపు చూశాడు. ఆవిడ నేల మీద కూర్చుని మైనపు దారం చుట్ట చుట్టుకుంటోంది, తల ఎత్తలేదు. వాడు గిరుక్కున తిరిగి వెళ్లిపోయాడు.

వాడు మలుపు తిరిగాక జిగురు బాబాయి కారు దగ్గరికి పోయి, వెలిసిన చోట బొటనవేలితో గట్టిగా రుద్దాడు. వేలు ఎత్తి చూసుకున్నాడు. దాని మీద ఎర్రటి పొడి.

"అమ్మాయ్, ఇటు రా. ఇది పాత కాలం రంగు. దీని మీద అద్దంలాంటి పూత లేదు. రంగు పోలేదు, పైన చచ్చిన తోలు పేరుకుంది, అంతే. దాన్ని రుద్ది తీసేస్తే కింద అసలు ఎరుపు ఉంటుంది."

"అంటే?"

"అంటే ఆ పేరును చెరపాల్సిన పని లేదు. మిగతా కారంతా ఆ రంగుకి తేవాలి."

"కారంతానా?" అంది దర్జీ పిన్ని.

"కారంతా. చేత్తో. మిషను పెడితే అంచుల దగ్గర రంగు కాస్తా లేచిపోతుంది."

క్లచ్చక్క కారును ఈ చివర నుంచి ఆ చివరికి చూసింది. బానెట్, టాపు, నాలుగు తలుపులు, డిక్కీ. చేతిలో ఉన్నది ఆదివారం ఒక్కటే. "రుద్దుదాం," అంది.

ఆదివారం తెల్లారేసరికి దర్జీ పిన్ని రెండు మూటల మెత్తని నూలు గుడ్డ ముక్కలతో దిగింది. ఒంటరిగా రాలేదు. వెంట ఒక నర్సు, ఒక స్కూలు లెక్కల టీచరు, ఇద్దరు పిల్లల తల్లి ఒకామె, బేకరీలో పనిచేసే మరొకామె. అందరూ క్లచ్చక్క దగ్గర నెలల తరబడి నేర్చుకున్నవాళ్లే. పది క్లాసుల్లో ఎవరికీ రాలేదు. 'మొద్దులు' అన్న మాట పిన్ని నోట ఒక్కొక్క ఇంటికీ చేరినట్టుంది.

"మొద్దుల సంఘం వచ్చిందండీ," అంది నర్సు చేతులు పైకి మడుచుకుంటూ. "ఎక్కడ రుద్దాలి?"

బాబాయి కుర్చీ వాకిలి మధ్యలో వేయించుకున్నాడు. రంగుకు మెరుగుపెట్టే రబ్బింగ్ కాంపౌండ్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్కరి గుడ్డ మీద వేలితో ఇంత రాసి ఇచ్చాడు. "రెండు జానల చోటు పట్టుకోండి. అది అయ్యాకే పక్కకి. అంచుల దగ్గర చెయ్యి తేలిక. ఎండలో వేడెక్కిన రేకు మీద వద్దు, నీడ వచ్చిన వైపు కానివ్వండి. లెక్కల టీచరుగారూ, లెక్క తప్పుతున్నారు, గుండ్రంగా తిప్పండి!"

గుడ్డలన్నీ ఎర్రబడ్డాయి. చేతులు ఎర్రబడ్డాయి. అప్పుడే వచ్చిన పక్కింటాయన గేటు దగ్గరే ఆగి, "ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అని కంగారుగా అడిగాడు. భుజాలు పట్టేశాయి. పిల్లల తల్లి బానెట్ మీద వాలిపోయి, ఇద్దర్ని కన్నప్పుడు కూడా నడుం ఇంత నొప్పి పుట్టలేదంది. మధ్యాహ్నానికి బానెట్ వెలిగింది. టాపు ఎత్తు అందక స్టూలు ఎక్కి రుద్దారు. తలుపుల మీద తమ్ముడి పేరు చుట్టూ ఎరుపు పెరుగుతూ, పెరుగుతూ, అక్షరాల గట్లను ముంచేస్తూ వచ్చింది. ఏ అక్షరం ఎప్పుడు మాయమైందో చెప్పలేరు. ఉన్నట్టుండి బేకరీ ఆమె, "ఏదీ? ఇక్కడొకటి ఉండాలే?" అని వెతుక్కుంది.

పొద్దు వాలే వేళకి కారు కొత్తదానిలా లేదు గానీ, ఎర్రగా ఉంది. బ్లేడు గీత అలాగే ఉంది. ఎడమ తలుపు మీద ఒక అక్షరం తోక, బాగా వంగి వెలుతురుకు అడ్డంగా చూస్తే, ఇంకా లీలగా తెలుస్తోంది. బాబాయి దాన్ని చూశాడు, చూడనట్టు డబ్బా మూత పెట్టేశాడు. రంగు అక్కడ పలచబడింది, ఇంకా రుద్దితే రేకు బయటపడుతుంది.

సోమవారం పొద్దున రవాణా ఆఫీసు ఆవరణలో పర్మిషన్ అడిగినవాళ్ల ఏడు బండ్లు వరసగా నిలబడ్డాయి. ఇన్‌స్పెక్టర్ రిటైర్ కావడానికి దగ్గర్లో ఉన్న మనిషి, బొజ్జ మీద అట్ట ఆనించుకుని రాసుకుంటూ వస్తున్నాడు. క్లచ్చక్క పక్కన దర్జీ పిన్ని ఉంది. నేర్పడం ఎలాగో చూపించడానికి నేర్చుకునే మనిషిని ఒకరిని వెంట తెచ్చుకోవాలి. గేటు దగ్గర తమ్ముడు, చేతిలో టైపు చేసిన కంప్లయింటు కాగితం. కారును చూడగానే కాస్త వెనక్కి తగ్గాడు. అయినా ఇన్‌స్పెక్టర్ ఎర్ర కారు దగ్గరికి రాగానే ముందుకు వచ్చాడు.

"సార్, ఈ బండి మీద మా స్కూలు పేరుంది."

ఇన్‌స్పెక్టర్ చూశాడు. "ఎక్కడయ్యా?"

తమ్ముడు ఎడమ తలుపు దగ్గర వంగి, తల పక్కకి వాల్చి, వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ్నించి చూడండి సార్. ఇలా. ఇంకొంచెం కిందికి."

ఇన్‌స్పెక్టర్ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగాడు, ఇంకా వంగాడు. ఏదో కనపడినట్టే ఉంది. లేవడానికి మాత్రం క్లచ్చక్క చెయ్యి ఆసరా కావలసి వచ్చింది. నడుము పట్టుకుని, "రోడ్డు మీద ఇలా వంగి పేర్లు చదివేవాడు ఎవడయ్యా?" అన్నాడు. వరసలో నిలబడ్డ డ్రైవర్లు నవ్వారు. తర్వాత ఆయన వేలు గీత మీద ఆగింది. "ఇదేంటమ్మా?"

"నా తొందర సార్. బ్లేడు పెట్టాను."

"సరే. నేర్పడం చూపించండి."

దర్జీ పిన్ని స్టీరింగు ముందు కూర్చుంది. ఆవరణ చుట్టూ ఒక రౌండు బాగానే తిప్పింది. వెనక్కి తీసుకొచ్చి కోన్ల మధ్య ఆపమన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆవిడ అద్దంలో చూసింది, వెనక్కి తిరిగి చూసింది, మళ్లీ అద్దంలో చూసింది, ఒక కోన్‌ను పడగొట్టింది. వెంటనే బండి ఆపి, దిగిపోయి, కోన్‌ను లేపి నిలబెట్టి, చీర కొంగుతో దాని దుమ్ము కూడా తుడిచి వచ్చి కూర్చుంది.

గేటు దగ్గర తమ్ముడు గట్టిగా నవ్వాడు. "చూశారా సార్? ఇరవై మూడు క్లాసులైంది ఈవిడకి!"

ఇన్‌స్పెక్టర్ కిటికీలోంచి క్లచ్చక్క వైపు చూశాడు. "నిజమేనా?"

"నిజమే సార్."

"ఇరవై మూడు క్లాసుల తర్వాత కూడా కోన్ పడింది. ఈవిడని పరీక్షకి ఎప్పుడు పంపుతారు?"

"వచ్చినప్పుడు సార్. ఇంకో పది పట్టొచ్చు, పదిహేను పట్టొచ్చు. అప్పటిదాకా నేను సంతకం పెట్టను. మీరు చెప్పినా పెట్టను."

ఆఖరి మాట అవసరం లేదని ఆమెకూ తెలుసు. నోరు ఊరుకోలేదు. దర్జీ పిన్ని కళ్లు మూసుకుంది. ఇన్‌స్పెక్టర్ అట్టను బొజ్జ మీద సర్దుకున్నాడు. ఇప్పటిదాకా ఆయన ముందుకు వచ్చిన నేర్పేవాళ్లంతా తమ శిష్యులు రేపే పరీక్షకు సిద్ధమని చెప్పినవాళ్లే. అట్ట మీద ఏదో రాశాడు, కింద సంతకం గీశాడు, పర్మిషన్ కాగితం చింపి కిటికీలోంచి లోపలికి ఇచ్చాడు.

"మా ఇంట్లో ఒకరున్నారు," అన్నాడు గొంతు తగ్గించి. "నాలుగు స్కూళ్లు మార్చింది. అందరూ కసురుతారట. మీ ఫోన్ నంబరు ఈ అట్ట మీద రాసివ్వండి."

బయటికి పోయే దారిలో తమ్ముడు గేటుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. కంప్లయింటు కాగితం గొట్టంలా చుట్టుకుపోయింది చేతిలో. "పర్మిషన్ వస్తే సరిపోతుందా?" అన్నాడు. "నీ దగ్గరికి ఎవరొస్తారో నేనూ చూస్తా."

క్లచ్చక్క అద్దం పూర్తిగా దించింది. "చూడు. దాక్కోవడానికి ఎక్కడికీ పోం. రోజూ ఇదే రోడ్డు మీద ఉంటాం."

వాడు ఏమనుకున్నాడో గానీ, ఒక అడుగు పక్కకి జరిగి దారి ఇచ్చాడు. దర్జీ పిన్ని గేరు వేసింది. కారు గేటు దాటి రోడ్డెక్కింది, నడిచేవాళ్లకన్నా కొంచెం ఎక్కువ వేగంతో. నాలుగు రోడ్ల కూడలి దగ్గర ఆవిడ ఆపింది. ఎడమ చూసింది, కుడి చూసింది, మళ్లీ ఎడమ చూసింది. వెనక ఒక బండి హారన్ కొట్టింది. దాని వెనక ఇంకోటి. దాని వెనక లారీ ఒకటి, చెవులు చిల్లులు పడేలా.

"తిడుతున్నారు టీచరమ్మా," అంది పిన్ని, స్టీరింగును రెండు చేతులా గట్టిగా పట్టుకుని.

"హారన్లు కొట్టుకోనివ్వండి," అంది క్లచ్చక్క, సీటు వెనక్కి జరుపుకుని కూర్చుంటూ. "మీరు ఇంకోసారి చూసుకోండి."

పిన్ని ఇంకోసారి చూసుకుంది.